వేలు వదిలిన పిల్లాడు

పిల్లాడికి మాట రాలేదని తెలిశాక ఆ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ వైద్యులే అయ్యారు. "మగపిల్లలకి మాట ఆలస్యమేనే, వీడి నాన్నా ఇంతే" అని అత్తగారు కొట్టిపారేసింది. నమ్మితే నిశ్చింతగా ఉంటుంది గనక కోడలూ నమ్మింది. చివరికి డాక్టరు ఆటిజం అని తేల్చి, "ఇంకాస్త ముందు తెచ్చుంటే బావుండేదమ్మా" అన్నాడు. ఆ మాటతో తల్లికి కంటి మీద కునుకు కరువైంది.

డాక్టరు పంపిన చోట, పిల్లలకి మాట నేర్పే థెరపీ గదిలో రంగుల చాప, పొట్టి కుర్చీలు ఉండేవి. టీచరు సబ్బు బుడగల సీసాకి మూత గట్టిగా బిగించి పిల్లాడి చేతిలో పెట్టేది. వాడు గింజుకుని గింజుకుని, విసుగొచ్చి సీసాని ఆమె వైపు తోసేవాడు. "తియ్యి" అంటూ టీచరు మూత తీసి బుడగలు ఊదేది. మూలన కూర్చున్న తల్లి రెప్ప వెయ్యకుండా చూసేది.

"ఇంట్లో కూడా ఇంతే. కావలసినవి వాడికి కనబడాలి, అందకూడదు. మీ దగ్గరికొచ్చి అడగాలి. చెయ్యి పట్టుకుని లాగినా అడిగినట్టే, ఆ మాట మీరు పలికి ఇచ్చెయ్యండి" అంది టీచరు.

మొదటి సగం తల్లి బుర్రలో మేకులా దిగింది. రెండో సగం గాలికి పోయింది. ఆలస్యమైపోయిందన్న భయం పట్టుకున్న మనిషికి చెవులు అలాగే పనిచేస్తాయి మరి.

దాహమేస్తే వాడు వచ్చి తల్లి చూపుడువేలు పట్టుకుని, అలమర దాకా లాక్కెళ్ళేవాడు. వాడు ముద్దివ్వడు, ఒళ్ళో కూర్చోడు, పిలిస్తే తిరగడు. ఆ వేలు పట్టుకోవడమొక్కటే ఆమెతో వాడు ఉంచుకున్న చుట్టరికం. పిచ్చితల్లి దాన్ని మొండితనం అనుకుంది. నీళ్ళ సీసాని అలమర పై అరలో పెట్టి, వాడు పట్టుకున్నప్పుడల్లా వేలు విడిపించుకుంది.

"నీళ్ళు అను. అంటేనే ఇస్తాను."

వాడు నేల మీద పడి గీపెట్టాడు. తల కొట్టుకోబోతే అరచెయ్యి అడ్డం పెట్టింది గాని సీసా దించలేదు.

"నీ పంతం మండ! పసివాడికి గుక్కెడు నీళ్ళకి ఇంత రాద్ధాంతమా?" అంది అత్తగారు.

"మీరు ఊరుకోండత్తయ్యా. ఊరుకునే ఇంతదాకా తెచ్చుకున్నాం."

అత్తగారు మొహం తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఒక పొద్దున తల్లి అంట్లు తోముతుంటే వెనక నుంచి "నీళ్ళు" అని వినబడింది. చేతిలో గిన్నె జారిపోయింది. తడిచేతులతోనే పరుగెత్తి సీసా దించి ఇచ్చింది. అత్తాకోడళ్ళిద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు, నవ్వారు. చుట్టాల్లో ఆ కబురు అందనివాళ్ళు లేరు.

టీచరు కూడా సంబరపడింది. కాసేపు వాణ్ణే గమనించి, "ఎవరితో అంటున్నాడమ్మా? ఎవరి వైపూ చూడట్లేదు. మీ చెయ్యి పట్టుకుంటున్నాడా?" అంది.

"లేదండీ. ఆ అలవాటు నేనే మాన్పించేశాను" అంది తల్లి, గొప్పగానే.

టీచరు మొహం వాడిపోయింది. "అయ్యో, అది మాన్పించమనలేదమ్మా. దాన్ని అలాగే ఉంచి, దానికి మాట కలపాలి."

"మళ్ళీ పట్టుకుంటాడా అండీ?"

"ప్రయత్నిద్దాం. ఎప్పటికని మాత్రం చెప్పలేను."

ఇంటికొచ్చాక తల్లి వాడి పక్కన చతికిలబడి, చూపుడువేలు వాడి అరచేతిలో పెట్టింది. వాడు చెయ్యి లాక్కున్నాడు. మళ్ళీ పెట్టింది. వాడు లేచి దూరంగా వెళ్ళి, అలమర వైపు తిరిగి "నీళ్ళు" అన్నాడు. ఆమె ఇచ్చింది. తాగి, సీసా అక్కడే పడేసి వెళ్ళిపోయాడు.

"ఏమందే టీచరు?" అంది అత్తగారు.

"వాడికి మాట నేర్పానత్తయ్యా. దాంతోపాటు నా అవసరం లేదని కూడా నేర్పాను."

"ఛ, అవేం మాటలే" అంటూ అత్తగారు దగ్గరికొచ్చి కూర్చుంది. కోడలు ఆవిడ భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. పక్కగదిలో వాడు మళ్ళీ "నీళ్ళు" అన్నాడు. ఆ గదిలో వాడు తప్ప ఎవరూ లేరు.