రెండో పాటలో గంట

రెండువేల పంతొమ్మిది, జూలై పద్నాలుగు, ఆదివారం. ఆ రాత్రి రాగిసంగటి, శెనక్కాయలు నూరిన ఊరిబిండి తిన్నారు. భార్యాభర్తలు ఇద్దరే. వీధంతా సద్దుమణిగాక, బాగా ఆలస్యంగా తిన్నారు.

గిరిప్రసాద్‌కు తేదీలు నిలవవు. పెళ్లిరోజును కూడా దేవకమ్మే గుర్తుచేసేది. ఈ ఒక్కటి మాత్రం, ఒక క్యాసెట్ అట్ట మీద తన చేత్తో రాసినందువల్ల, ఉండిపోయింది. తిరుపతి కొర్లగుంటలో ఒక ఇంటి మెట్ల కింద వంగి కరెంటు మీటరు మీది బూజు తుడుస్తుంటే, అంకెల చివర పద్నాలుగు కనబడింది. దాంతో ఆ తేదీ గుర్తొచ్చింది. వచ్చి, పోయింది. అంకెలు చేతిలోని మెషిన్‌లో కొట్టాడు. బిల్లు చీటీ కిరకిరమంటూ బయటికి వచ్చింది. చింపి, గ్రిల్లు కమ్ముల మధ్య దోపి, పక్క ఇంటికి నడిచాడు.

యాభై ఏడేళ్ల మనిషి. మెట్ల కిందికీ, నీళ్ల మోటార్ల వెనక్కీ వంగి వంగి మెడ కొంచెం ముందుకు వచ్చేసింది. మెషిన్ పట్టీ రాసుకునే చోట చొక్కా రంగు వెలిసింది. బి.కాం. చదివాడు. చదువుకు తగిన ఉద్యోగం వచ్చేదాకా అని ఈ రీడింగ్ పనిలో చేరాడు. ఆ పైన దాని గురించి ఎవరూ అడగలేదు, అతనూ అనుకోలేదు.

వసంతమ్మ గేటు దగ్గరే నిలబడి ఉంది. చేతిలో మజ్జిగ గ్లాసు.

"ఏమప్పా, ఈ నెల ఎంత బాదినావు?"

"నేను బాదేదేముందమ్మా. మీ ఏసీ బాదింది."

"దాన్నేమీ అనొద్దు. ఎండాకాలంలో నా మొగుడి కంటే అదే మేలు." గ్లాసు అందించి, అతని మొహంలోకి చూసింది. "ముందర నువ్వు ఈల ఏస్తా వచ్చేవాడివి. నీ ఈల ఇని కుక్కను కట్టేసేదాన్ని. ఇప్పుడు సప్పుడే లేదు. కుక్క కూడా నిన్ను సూసి మొరిగేది మానేసినాది."

కుక్క నీడలో పడుకుని ఒక కన్ను తెరిచి చూసి మూసింది. అతను మజ్జిగ తాగి గ్లాసు గోడ మీద పెట్టాడు. మజ్జిగలో అల్లం వేసి ఉండాలి. ఆమె ఎప్పుడూ వేస్తుంది.

ఆ ఈల ఒక గిటారు పాటది. మాటలుండవు, కొయ్య గిటారు, పది వేళ్లు, అంతే. చాలా ఏళ్ల కిందట ఈ వీధి చివరి మేడ మెట్ల కింద మీటరు చూస్తుండగా పైనుంచి వినబడింది. ఇంటింటికీ తిరిగే పనిలో సీరియళ్లూ, సుప్రభాతాలూ, మిక్సీలూ అన్నీ చెవిన పడతాయి. ఇది మాత్రం అతన్ని మెట్లెక్కించింది. పైన పాల్ ఉన్నాడు. పిల్లలకు గిటారు నేర్పుతాడు, ఆదివారం చర్చిలో వాయిస్తాడు. "బిల్లు ఎక్కువొచ్చిందని చెప్పడానికి వచ్చినావా అన్నా?" అని అడిగాడు. "కాదు సార్, అది ఎవరిదో చెప్తారా?" అన్నాడు గిరిప్రసాద్.

అలా మొదలైంది. ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేసే రాజశ్రీ కూడా మీటరు దగ్గర దొరికిన మనిషే. ప్రతి నెలా రెండో శనివారం సాయంత్రం పాల్ మేడ మీద చేరతారు. వంతు వచ్చినవాళ్లు ఒక ఆల్బం వెతికి తేవాలి. మొదటి పాట నుంచి చివరి పాట దాకా వినాలి. అయ్యేదాకా ఎవరూ నోరు తెరవకూడదు. తెచ్చినవాళ్లే బజ్జీలు కూడా తేవాలి.

రెండేళ్ల కిందట దేవకమ్మ పోయింది. ఆ తరువాత కూడా అతను ఒక్క శనివారమూ మానలేదు. వెళ్తాడు, కూర్చుంటాడు, అందరూ తల ఊపినప్పుడు ఊపుతాడు. కానీ పాట పక్కింటి ట్యాంకు నిండుతున్న చప్పుడులా దూరంగా జరిగిపోతుంది. ఏడుపూ రాదు, విసుగూ రాదు. అతని వంతు వచ్చిన ప్రతిసారీ వట్టి బజ్జీలతో వెళ్లాడు. ఈరోజు మళ్లీ అతని వంతే. ఫోనులో చాలా వెతికాడు. ఒక్కొక్కటీ కాసేపు విని ఆపేశాడు. ఏది మంచిదో, ఏది కాదో తెలియడం లేదు. అందుకే పొద్దున పళ్లు తోముకుంటూ నిర్ణయించుకున్నాడు: ఈ సాయంత్రం వెళ్లి, ఇక రానని చెప్పేయాలి. వినలేనివాడు వినేవాళ్ల మధ్య కూర్చోవడం వాళ్లను మోసం చేసినట్టే.

సాయంత్రం బజ్జీల పొట్లంతో మెట్లెక్కాడు.

"ఏందన్నా, ఈసారన్నా పాట తెచ్చినావా, మళ్లా మిరపకాయలేనా?" అన్నాడు పాల్, చాప పరుస్తూ.

"మిరపకాయలే."

"పోనీలే పాల్, బజ్జీలకు కూడా తాళం ఉంటాది," అంది రాజశ్రీ. పొట్లం మీదికి నూనె ఊరుతోంది. ఆమె దాని కింద పాత పేపరు పెట్టింది.

చెప్పాల్సిన మాట అతని నోటిదాకా వచ్చింది. అంతలో మెట్ల మీద ఆయాసం వినబడింది. ఆదిమూలం వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి. శ్రీకాళహస్తి నుంచి బస్సులో వస్తాడు. కలంకారీ పని ఆయనది. బెల్లం, తుప్పు ఇనుము నానబెట్టిన నల్లరంగు గోళ్లలో ఎన్నేళ్లు కడిగినా పోలేదు. గిరిప్రసాద్ ఆ ఊళ్లో రీడింగ్ చేసిన రోజుల్లో పరిచయం. ఎవరో విదేశీయుడు వదిలిపోయిన ఒకే ఒక్క గిటారు క్యాసెట్‌ను అరిగేదాకా వింటూ గుడ్డ మీద గీతలు గీస్తుండేవాడు. ఆయనకు స్మార్ట్‌ఫోన్ లేదు. అందుకే గిరిప్రసాద్ ఆ జూలై ఆదివారం తన ఫోనులో ఒక ఆల్బం పెట్టి, ఇంట్లోని పాత టేప్‌రికార్డర్ ముందు ఉంచి, ఖాళీ క్యాసెట్ మీదికి ఎక్కించి ఇచ్చాడు.

ఈరోజు ఆదిమూలం సంచిలోంచి తన టేప్‌రికార్డర్‌నే తీసి చాప మీద పెట్టాడు.

"గిరి వంతు ఈరోజు నాది," అన్నాడు. "రేపు మా కూతురు వచ్చి సూళ్లూరుపేటకు తోడుకోని పోతాది. కన్ను పోయినాది. కన్ను పోతే గీత పోతాది. గీత పోయినాక ఆడ నాకేం పని? ఇంగ నేను ఇంత దూరం రాలేను. పోయే ముందర ఆ గంట మీకు ఇనిపించి పోతా."

రాజశ్రీ నవ్వు ఆపుకుంది. అది పాత గొడవ. ఆ ఆల్బంలో రెండో పాటలో చిన్న గంట మోగుతుందనీ, అదే దానికి ప్రాణమనీ ఆదిమూలం ఎప్పుడూ అంటాడు. రాజశ్రీ తన ఫోనులో అదే ఆల్బం ఎన్నోసార్లు విన్నది. గంట లేదు.

"తాతా, ఆ గంట మీ చెవిలో మోగుతాండాది. ఒకసారి ఆసుపత్రికి రండి, చూపిస్తా."

"సూద్దాం లేమ్మా ఎవరి చెవి బాగుండాదో. నోరు మూసుకోని ఇనండి."

మీట నొక్కాడు. ముందు వాన దూరంగా పడుతున్నట్టు టేపు చప్పుడు. తరువాత గిటారు. సరిగా ఎక్కలేదు, చాపకింద నుంచి వస్తున్నట్టు ఉంది. ఇంత నాసిగా ఎక్కించి ఇచ్చానా అనుకున్నాడు గిరిప్రసాద్. మొదటి పాట జరిగిపోయింది.

రెండో పాట కొంత నడిచాక, టింగ్.

పాల్ తల ఎత్తాడు. మళ్లీ టింగ్. ఒకటి, కాసేపటికి రెండు, మళ్లీ ఒకటి. గిటారు ఆగినచోట, కావాలని వేసినట్టు. రాజశ్రీ నోరు తెరిచి, నియమం గుర్తొచ్చి మూసుకుంది. ఆదిమూలం కళ్లు మూసుకుని వేలితో గాలిలో ఒక్కొక్క గంటకూ చుక్క పెడుతున్నాడు.

గంట క్రమంగా మెత్తబడింది. టింగ్ కాస్తా టక్ అయింది. తరువాత లేదు.

పళ్లెం నిండింది, అనుకున్నాడు గిరిప్రసాద్.

అనుకున్నాకే తనేమనుకున్నాడో తెలిసింది. స్టీలు పళ్లెం. శెనక్కాయలు. కదలొద్దు, మాట్లాడొద్దు, వంట కూడా తరువాతే అని ఆ రాత్రి దేవకమ్మకు గట్టిగా చెప్పాడు. "నీ పాట కోసరం నేను ఊపిరి కూడా బిగబట్టాల్నా? కాయలన్నా వొల్సుకుంటా. చేతులు ఊరికే ఉండవు నాకు," అని గోడకు ఆనుకుని కూర్చుంది. మొదట ఖాళీ పళ్లెంలో గింజ పడితే మోగింది. గింజల మీద గింజలు పడ్డాక మోగలేదు.

అతను కదలలేదు. మోకాళ్ల మీద చేతులు ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. పాటలు ఒకదాని తరువాత ఒకటి వచ్చాయి. అతను గిటారు కోసం కాదు, దాని వెనక గది కోసం విన్నాడు. ఎక్కడో చీర అంచు నేలకు రాసుకుంది. ఒక దగ్గు, చెంగు అడ్డం పెట్టుకుని. చివరి పాట మధ్యలో వీధి తలుపు మూసిన చప్పుడు. నెమ్మదిగా, గడియ మోగకుండా ఎత్తి పట్టి జరిపిన చప్పుడు. తరువాత గిటారు ఆగింది. టేపు వాన మిగిలింది. అందులోంచి, బాగా దగ్గరగా, గుసగుసగా:

"అయిందా? ఎసరు పెట్టేదా?"

"పెట్టు తల్లీ," అన్నాడు ఆదిమూలం.

మీట టక్కున పైకి లేచింది. పాల్, రాజశ్రీ ఇద్దరూ ఆదిమూలం వైపు తిరిగారు.

ఆదిమూలం ఆ చూపులకు కొంచెం సిగ్గుపడ్డాడు. "అలవాటప్పా. దినామూ అడుగుతాది గదా. జవాబు సెప్పకుంటే ఎట్లా? నేను ఒంటోణ్ణి. పెట్టు తల్లీ అని సెప్పి, లేసి నేనూ ఇంత తింటా." గిరిప్రసాద్ వైపు తిరిగాడు. "మీ ఇంటామె అని తెలుసు. నీకూ తెలుసు గదా అనుకున్నా."

"నాకు తెలీదన్నా," అన్నాడు గిరిప్రసాద్. "ఎక్కించినాక నేను ఇనలేదు. అట్లనే తెచ్చి ఇచ్చేసినా."

"మరి ఆ గంట?"

"శెనక్కాయలు."

ఆదిమూలం టేప్‌రికార్డర్ మీదికి వంగి దాన్ని కొత్తగా చూశాడు. "నేను గుడిగంటను పాటలో కలిపినారేమో అనుకున్నా," అన్నాడు. "శెనక్కాయలా! బలే వాయించినాది."

రాజశ్రీ నవ్వబోయి, మొహం తిప్పుకుని, బజ్జీల పొట్లం విప్పింది. అందరికీ ఒకటి చేతిలో పెట్టింది. గిరిప్రసాద్ కొరికాడు. చల్లారిపోయింది. కారంగా ఉంది. బాగా కారంగా ఉంది. నీళ్లు అడిగి తాగాడు.

"వచ్చే నెల ఎవరి వంతు?" అన్నాడు పాల్, ఏదో ఒకటి అనాలి కనుక.

"నాదే," అన్నాడు గిరిప్రసాద్. "ఈరోజుది అన్న తీసుకున్నాడు గదా."

పొద్దున తయారు చేసుకున్న మాట ఎక్కడికి పోయిందో అతను వెతకలేదు.

బస్టాండులో కాళహస్తి బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. ఆదిమూలం కమ్మీ పట్టుకుని ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. సాగనంపడానికి వచ్చిన గిరిప్రసాద్ సంచి అందించబోతే, ఆయన అందులోంచి టేప్‌రికార్డర్ తీసి కిటికీలోంచి ఇచ్చాడు.

"ఇది నువ్వు పెట్టుకో."

"నీకు తోడు ఉండాల గదన్నా."

"మా పాప ఇంట్లో ఇంతమంది ఉండారు. తింటావా, పండుకుంటావా అని అడిగేవాళ్లకు తక్కువ లేదు ఆడ. నీకే లేదు." ఇంజను చప్పుడుకు గొంతు పెంచాడు. "ఎర్ర మీట మాత్రం తగలనీయొద్దు. తగిలితే అంతా సెరిగిపోతాది. నేను గుడ్డ అంటించిపెట్టినా, సూడు."

బస్సు మలుపు తిరిగేదాకా గిరిప్రసాద్ నిలబడ్డాడు. ఆదిమూలం చెయ్యి ఊపాడో, చెమట తుడుచుకున్నాడో సరిగా కనబడలేదు.

ఇంటికి వచ్చేటప్పుడు రోజూ కూర పొట్లం కొనే అంగడి ముందు నుంచే నడిచాడు, ఆగలేదు. వంటింట్లో గట్టు తుడిచి టేప్‌రికార్డర్ పెట్టాడు. మీట నొక్కలేదు. రాగిపిండి డబ్బా మూత తీస్తే పురుగు పట్టి ఉంది. బియ్యం ఉన్నాయి. గిన్నెలో నీళ్లు పోసి, పొయ్యి వెలిగించి, ఎసరు పెట్టాడు. నీళ్లు కాగుతున్నంతసేపూ అక్కడే నిలబడ్డాడు. ఏమీ అనిపించలేదు. అయితే గిన్నె అడుగున బుడగలు లేచే చప్పుడు, మొదటి నుంచి చివరిదాకా, విన్నాడు.

తిన్నాక వీధి తలుపు దగ్గరికి వెళ్లాడు. రెండేళ్లుగా ఆ గడియను ఒక్క తోపుతో వేస్తున్నాడు. ఈ రాత్రి దాన్ని మోగకుండా ఎత్తి పట్టి, నెమ్మదిగా జరిపి, తలుపు మూశాడు.

వంటింటి గట్టు మీద టేప్‌రికార్డర్ ఉంది. దాని ఎర్ర మీట మీద, జిగురు ఎండి అంచు లేచిన చోట మళ్లీ అంటించిన, గోరంత కలంకారీ గుడ్డ ముక్క. దాని మీద నల్లరంగుతో గీసి సగంలో ఆపిన ఒక ఆకు.