పిన్నీసు వెనకాల బొందు

జంపక్క మిషను తొక్కుతూనే ఉంది. చీలిన బొటనవేలి గోటితో మడత నొక్కుతుంది, కుడుతుంది, పక్కకు వేస్తుంది. సారపాక బట్టల దుకాణానికి లంగాలు కుట్టడం ఆమె పని. చివరికి పుస్తెలతాడుకున్న పెద్ద పిన్నీసు తీసి, నడుము మడతలోంచి బొందు లాగుతుంది.

గడపలో కూతురు దుర్గ పాఠం గొణుగుతోంది. మధ్యాహ్నం భద్రాచలంలో డెమో క్లాసు. నచ్చితేనే కల్లూరు కాలేజీలో లెక్చరర్ కొలువు. కణంలో ప్రోటీను పొరను ఎట్లా దాటుతుందో చెప్పాలి. పుస్తకం మూస్తే ఒక్క మాట రావడం లేదు.

"చేతులు ఖాళీయే గదా, గీ బొందెక్కియ్యి."

దుర్గ బొందును ఉండచుట్టి మడతలోకి నెట్టింది. మొదట్లోనే ఇరుక్కుంది.

"ఏందే, ముద్ద చేసి దూరుస్తే పోతదా? సాపుగ విప్పి, కొసకు పిన్నీసు పెట్టు. అదే తొవ్వ చూపిస్తది."

దుర్గ చటుక్కున లేచింది. "అమ్మా! ప్రోటీను గూడ గిట్లనే. మడత విప్పుకొని దారం లెక్క పోతది. ముందు కొసకు తొవ్వ చూపే చిన్న ముక్క ఉంటది. లోపలికి చేరినంక ఆ ముక్కను కణం కత్తిరిస్తది. ప్రోటీను మళ్ల మడతపడి పనిల దిగుతది."

"ఏడ పని?"

"మైటోకాండ్రియాల. కణానికి పొయ్యి అన్నట్టు. అది తల్లి నుంచే పిల్లకొస్తది. నాలో ఉన్నయన్నీ నీవే."

మంచం మీద తండ్రి రామన్న లేచి కూర్చున్నాడు. "మరి నాదేం రాలేదా?"

"మొహం మీద నీ ముక్కొచ్చింది గదా, సాలదా?" అంది జంపక్క.

ఆ నవ్వుల మధ్యనే లంగా, బొందు, పిన్నీసు సంచిలో వేసుకుని దుర్గ ఆటో ఎక్కింది.

ఆ మధ్యాహ్నం జంపక్క సూది విరగ్గొట్టింది. చెయ్యి పుస్తెలతాడు దాకా పోయి, పిన్నీసు లేక, వట్టిగా తిరిగొచ్చేది. అప్పుడు ఫోను మోగింది.

"అమ్మా, కొలువొచ్చింది! సంచిలకెళ్లి లంగా తీయంగనే పిల్లలు ఒకటే నవ్వుడు. బొందు అవతల తేలంగనే చప్పట్లు! రేపే చేరాలె."

రామన్న గల్లీ అంతా తిరిగి, "నా ముక్కున్న పిల్లకు కొలువొచ్చింది," అని చెప్పొచ్చాడు.

దుర్గ ఇంటికొచ్చి బట్టలు సర్దుకుంది. కొత్త లంగాలు రెండు జంపక్కే కుక్కింది.

"పైలం బిడ్డా."

"పోయొస్తనే."

సాయంత్రం కల్లూరు బస్సు కదిలింది. జంపక్క ఇంటికొచ్చి మిషను ముందు కూర్చుంది. బల్ల మీద క్లాసులో చూపించిన ఆ లంగా ఉంది, బొందు కొసలు రెండూ సమానంగా బయటికి వేలాడుతున్నాయి. పక్కనే దుర్గ విప్పి పెట్టిపోయిన పిన్నీసు, అంత దూరం లాగి కొంచెం వంగి, తళతళలాడుతూ.