గట్టిపడని లక్క

వెర్సాయి కోటలో చలికాలపు పొద్దులు ఇలాగే మొదలయ్యేవి. రాజుగారి పెద్దకూతురు అపొలీన్ ఒంటిమీద నూలుపోగు లేకుండా నిలబడి ఉండేది. తొడుక్కోవలసిన లోచొక్కా దాసి చేతిలోనే ఉండేది కానీ దాసి అందించకూడదు. గదిలో అందరికంటే పెద్ద హోదా ఉన్నావిడే అందించాలి. తీరా ఆవిడ చేతికి వచ్చేసరికి తలుపు తెరుచుకుని అంతకంటే పెద్దావిడ వచ్చేది. చొక్కా మళ్లీ చేతులు మారేది. ఈలోగా రాజు కూతురికి పళ్లు టకటకలాడేవి. దీన్ని వాళ్లు మర్యాద అనేవాళ్లు.

అపొలీన్‌కి కోపం ముంచుకొచ్చేది. కోపం వస్తే ఆమె ఒంట్లోంచి సెగ వచ్చేది. కిటికీ అద్దాల మీద పేరుకున్న మంచు కరిగి కారేది. పసితనం నుంచీ అంతే, అందులో ఎవరికీ వింత లేదు. పైగా ఆ కోట నిప్పుగూళ్లు పొగ తప్ప వేడి ఇచ్చేవి కావు. అందుకని ఆవిణ్ణి కావాలనే కెలికేవాళ్లు.

"ఇరవై ఏడొచ్చాయి పాపం! ఏ దేశపు దొరకీ మన రాకుమారి గుర్తురావడం లేదు కాబోలు," అనేది పరివారపు పెద్ద మదాం ద కొర్వాల్, కుర్చీ ముందుకు జరుపుకుంటూ.

"ఇంకో మాట అనండి, నా పాదాలింకా చల్లగానే ఉన్నాయి," అనేది పక్కావిడ.

రాజుగారేమీ తక్కువ తినలేదు. సాయంత్రం కాఫీ గిన్నె పట్టుకుని వచ్చి, "నువ్వు మగపిల్లాడివై పుట్టుంటే బాగుండేది," అని ఒక మాట విసిరి, గిన్నె ఆమె పక్కన పెట్టేవాడు. కాఫీ కాగాక తాగి వెళ్లిపోయేవాడు. కన్నతండ్రి!

ఆ సెగని సెగగా వాడుకోనిది చెల్లెలు సొలాంజ్ ఒక్కతే. దానికి పదమూడేళ్లు. చలేస్తే వచ్చి ఊరికే అక్కని కరుచుకుని పడుకునేది. కోపం లేకపోయినా అక్క వెచ్చగానే ఉంటుందని దానికొక్కదానికే తెలుసు.

ఆ సొలాంజ్‌ని ఆల్ప్స్ కొండల అవతలి డ్యూక్‌కి ఇవ్వడానికి నిశ్చయించారు. ఆయనకి అరవై దాటాయి, ఇద్దరు భార్యలు పోయారు. ఆయన కొండదారి మీదుగా రాజుగారి సైన్యం నడవాలి, అదీ సంగతి.

పెళ్లి ఒప్పందం మీద రాజకుటుంబంలో ప్రతి ఒక్కరూ హోదా వరసలో సంతకం పెట్టాలి. తర్వాత అక్కడికక్కడే, అందరి ఎదుటా లక్క ముద్ర పడాలి. అపొలీన్‌ని తప్పించడానికి వీల్లేదు, ఆమెకి కోపం వస్తే లక్క గట్టిపడదు. అందుకని ఉన్నట్టుండి అందరికీ ఆమె మీద ప్రేమ పుట్టుకొచ్చింది. చొక్కా ఒక్క క్షణం ఆగకుండా అందింది. ఎత్తిపొడుపులు మానేశారు. గది చల్లబడిపోయినా పళ్లు బిగబట్టుకుని నవ్వారు.

"నీకు విడిగా ఒక భవనం ఇస్తానమ్మా. తోట కూడా. పొద్దున్నే నీ గదిలోకి ఎవరూ రారు," అన్నాడు రాజు. "ఆ ఒక్క పూటా శాంతంగా ఉండు తల్లీ."

ఆమె ఏళ్ల తరబడి అడుగుతున్నది అదే. చెప్పడానికే కష్టంగా ఉంది గానీ, అపొలీన్ తల ఊపింది. తను ఒప్పుకున్నా మానినా పిల్లని పంపకుండా ఉంటారా అని సరిపెట్టుకుంది.

ఆ రోజు డ్యూక్ పంపిన రాయబారి ఎదుట సంతకాలన్నీ అయ్యాయి. మంత్రి ఎర్రటి లక్క కరిగించి పత్రం మీద పోశాడు. సొలాంజ్ అక్క చెయ్యి పట్టుకుని, "నా బొమ్మని తీసుకెళ్లనిస్తారా?" అని గుసగుసగా అడిగింది.

మదాం ద కొర్వాల్ చెవిన పడింది. "బొమ్మేమిటి బంగారూ! సరిహద్దులో గుడారం వేసి అన్నీ విప్పించేస్తారు. మేజోళ్లూ, జడ రిబ్బనూ అన్నీ. మన దేశపు దారప్పోగు కూడా వెంట వెళ్లకూడదు. అప్పుడు ఆ దేశం వాళ్లు తమ బట్టలు తొడుగుతారు."

"అందరి ఎదుటా?"

"మర్యాద కదమ్మా."

సొలాంజ్ అక్కకి ఇంకా దగ్గరగా జరిగింది. "మరి నాకు చలేస్తుందిగా. అక్కడ నువ్వుండవుగా అక్కా," అంది.

మంత్రి ముద్ర అదిమాడు. అది పడలేదు. లక్క చిక్కబడకుండా బుడబుడమంది. మళ్లీ అదిమాడు. లక్క పాకి సంతకాల మీదికి, రాజుగారి పేరు మీదికి కారింది.

"మాటిచ్చావు కదే!" అన్నాడు రాజు.

"ఆ భవనం మీరే ఉంచుకోండి నాన్నగారూ. దీన్ని ముసలాయనకిచ్చి దారి కొనుక్కుంటున్నారు. పైగా నన్ను చల్లగా ఉండమంటున్నారా? సిగ్గనిపించడం లేదూ?"

"ఆవిణ్ణి బయటికి తీసుకెళ్లండి," అన్నాడు డ్యూక్ రాయబారి.

"ఎలా కుదురుతుందండీ!" అంది మదాం ద కొర్వాల్ అదిరిపడి. "సంతకం పెట్టినవాళ్లు ముద్ర పడేదాకా గది దాటకూడదు. మర్యాద కాదు."

ఒక్కరూ కాదనలేదు. కాదనడం వాళ్లకి చేతకాదు. చెమటలు కక్కుతూ, విగ్గుల కింద తలలు గోక్కుంటూ కూర్చున్నారు. పొద్దు వాలింది. లక్క అంతా కారి నేలపాలయింది. ముద్ర లేని కాగితం తమ దొర పుచ్చుకోడని రాయబారి లేచాడు. ఎండాకాలం రాకముందే ఆ దొర వేరే సంబంధం చూసుకున్నాడు.

ముద్ర పడని రోజుకి మర్నాడు పొద్దున సొలాంజ్ తన గదిలో నగ్నంగా నిలబడి ఉంది. చొక్కా చేతులు మారుతోంది. అపొలీన్ వచ్చి మదాం ద కొర్వాల్ చేతిలోంచి దాన్ని లాక్కుంది. చెల్లెలి తల మీదుగా తనే తొడిగింది.

"వెచ్చగా ఉందక్కా," అంది సొలాంజ్.