చూడకుండా పెట్టిన సంతకాలు

జైలు డాక్టరమ్మకు కోర్టు కొత్తేమీ కాదు. గాయాల గురించీ చావుల గురించీ ఎన్నోసార్లు సాక్ష్యం చెప్పింది. ఆ రోజు మాత్రం బోనెక్కడానికి ఆమెను రెండుసార్లు పిలవాల్సి వచ్చింది.

కేసు ఒక దర్జీ ఆమెది. దొంగతనానికి మూడేళ్ల శిక్ష పడి ఆడవాళ్ల జైలుకు వచ్చింది. కుట్టుగదిలో వార్డరు మీద కత్తెర విసిరిందని ఒంటరి గదిలో వేశారు. పదకొండు నెలలు బయటికి రానివ్వలేదు. ఇంత క్రూరమైన శిక్షను రాజ్యాంగం ఒప్పుకోదంటూ ఆమె అక్క పిటిషన్ వేసింది. జైలువాళ్ల ధీమా అంతా డాక్టరమ్మ మీదే. 'ఒంటరి గదిలో ఉండగల ఆరోగ్యం ఉంది' అని వారం వారం సంతకం పెట్టింది మరి.

"ప్రతి వారం మీరే పరీక్షించారా?" అక్క తరఫు లాయరు అడిగాడు.

"నేనే."

"ఎలా?"

"మామూలుగానే. నాడి, బీపీ, బరువు..."

అబద్ధం అంత నున్నగా నోట్లోంచి వచ్చినందుకు ఆమే ఆశ్చర్యపోయింది. ఆ తలుపు ఏనాడూ తీయించలేదు. తీయాలంటే ఇద్దరు వార్డర్లు రావాలి, అవతల ఓపీలో నలభై మంది కాచుకుని ఉంటారు. "ఎలా ఉన్నావమ్మా?" అని బయటినుంచే కేకేసేది. మొదట్లో జవాబు వచ్చేది. తర్వాత ఏడుపు. ఆపైన ఉలుకూ పలుకూ లేదు. ఆ వారాల్లో కూడా సంతకం పెట్టింది.

జడ్జిగారు, వార్డర్ల మధ్య కూర్చున్న దర్జీ వైపు తిరిగారు. "డాక్టరుగారు నిన్ను చూసేవారా?"

దర్జీ లేచింది. వెలుతురుకు కళ్లు చికిలించుకుంటూ డాక్టరమ్మ మొహంలోకి చూసింది. గుర్తుపట్టలేదు. చూపు కిందికి దించి, బోను కటకటాల మధ్యనుంచి ఆమె పాదాలు చూసింది.

"ఈ చెప్పులు తెలుసండీ. తలుపు కింద పళ్లెం తోసే సందులోంచి కనబడేవి. వాటికోసం వారమంతా ఎదురుచూసేదాన్ని."

వెనక బెంచీలో ఎవరో నవ్వబోయి ఆగిపోయారు.

"ఎందుకు?" అన్నారు జడ్జిగారు.

"నన్ను అమ్మా అని పిలిచేది ఆవిడొక్కతే కదండీ."

ఆ గొంతులో నిష్ఠూరమన్నది లేదు. డాక్టరమ్మకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"అయ్యా, నేను చెప్పింది అబద్ధం," అంది. "తలుపు ఒక్కసారీ తీయించలేదు. ఆ సంతకాలన్నీ చూడకుండా పెట్టినవే."

జైలు తరఫు లాయరు గతుక్కుమన్నాడు.

తీర్పు మధ్యాహ్నానికే వచ్చింది. "కోర్టు ఈమెకు వేసింది మూడేళ్ల ఖైదు. మనిషి మొహం చూడకుండా బతకమని వేయలేదు. ఇలాంటి శిక్ష వేసే అధికారం రాజ్యాంగం ఎవరికీ ఇవ్వలేదు," అన్నారు జడ్జిగారు. దర్జీని అందరితోపాటు ఉంచమన్నారు. డాక్టరమ్మ మీద విచారణకు ఆదేశించారు.

వరండాలో అక్క ఎదురుపడింది.

"అమ్మా, నేను..." అంది డాక్టరమ్మ.

"నిజం చెప్పారని దండం పెట్టాలో, ఇన్నాళ్లూ చెప్పలేదని తిట్టిపోయాలో నాకు తెలీట్లేదండీ," అంది అక్క. "కాస్త తప్పుకోండి. చెల్లికి మంచినీళ్లు పట్టుకెళ్లాలి."

డాక్టరమ్మ గోడకు ఒదిగి దారి ఇచ్చింది.