అరగంట ఉచితం

ఆరిన బట్టలు మడతపెడుతుంటే ముందు గదిలోంచి మొగుడి గొంతు వినిపించింది. "మూడు నెలలు కంటి మీద కునుకు లేదు బావా. బస్టాండంతా వైఫై పెట్టడమంటే మాటలా?" అతని బావగారు నోరెళ్లబెట్టి విని, "ఇంజినీరంటే నువ్వేనోయ్" అన్నాడు.

ఆమె చేతిలో చొక్కా ఉండచుట్టుకుపోయింది. మొగుడికి వైఫై గురించి తెలిసిందల్లా కొట్లో కేబుల్ చుట్టలు అమ్మడం. పెళ్లికి ముందు నాలుగేళ్లు నెట్‌వర్కుల ఉద్యోగం చేసింది ఆమె. బస్టాండు పని దొరగ్గానే "ఇంట్లో ఖాళీగానే ఉంటావుగా, కాస్త చూసిపెట్టు" అన్నాడు. ఖాళీ అట! వంట, గిన్నెలు, అత్తగారి మందులు అయ్యాక మిగిలిన ఆ ఖాళీలోనే ఏ వైఫై పెట్టె ఎక్కడ పెట్టాలో గీసింది, నిచ్చెనెక్కి బిగించింది. ప్రయాణికుడు ఫోన్ నంబరు కొడితే మెసేజీలో అంకెలొస్తాయి. అవి వేస్తే అరగంట ఉచితం, తర్వాత దానంతటదే ఆగిపోతుంది, ఇంకా కావాలంటే అజమాయిషీ చేసేవాళ్లు సరేననాలి. సిబ్బందికి వేరే జాబితా, మనిషికో పాస్‌వర్డు. అందరి మీదా అజమాయిషీ ఉన్న ఖాతాలు రెండే, ఒకటి ఆమెది, ఇంకోటి పేరుకి మొగుడిది. "ఆ డబ్బా ముందు కూర్చుంటే అన్నం ఉడుకుతుందా అమ్మా" అనేది అత్తగారు. ఉడికింది. రోజూ ఉడికింది, అందరూ తిన్నారు.

అవన్నీ మింగేసింది. మింగుడుపడనిది ఒక్కటే. ఆవేళ నిచ్చెన దిగి చేతులు దులుపుకుంటుంటే బస్టాండు మేనేజరు ఎదురొచ్చి "ఈవిడెవరు?" అన్నాడు. "మా ఆవిడండి. క్యారేజీ తెచ్చింది" అన్నాడు మొగుడు, తడుముకోకుండా. మేనేజరు తలూపి, "కాసిని మంచినీళ్లు పట్టుకురామ్మా" అన్నాడు. తెచ్చింది కూడా. అది గుర్తొస్తే ఇప్పటికీ ఆమెకు ఒళ్లు మండుతుంది.

మర్నాడే పరీక్ష. మేనేజరు ముందు అంతా నడిపి చూపిస్తే ఏడాదిపాటు దాన్ని చూసుకునే ఉద్యోగం మొగుడి పేరున రాసిస్తారు. ఆమె బట్టలు బీరువాలో సర్ది, ల్యాప్‌టాప్ తెరిచింది. అతని పేరూ పాస్‌వర్డూ కదపలేదు. అతన్ని మాత్రం అజమాయిషీలోంచి తీసి ప్రయాణికుల్లో కలిపింది. కడుపు చల్లబడింది.

మర్నాడు అనుకున్న నిమిషానికే ఫోన్ మోగింది.

"ఏమైందే దీనికి? మీ అరగంట అయిపోయింది అంటోంది. మేనేజరు ఎదురుగానే ఉన్నాడు, తొందరగా ఏదో ఒకటి చెయ్యి" అన్నాడు గొంతు తగ్గించి.

"ఫోన్ ఆయనకివ్వండి."

"ఎందుకు?"

"ఇవ్వండి, చెప్తాను."

ఇచ్చాడు. ఇవ్వక చస్తాడా.

"నమస్తే సార్. అక్కడ పని చేసింది నేను. పెట్టెలు పద్నాలుగు. ఏడోది క్యాంటీన్ గోడకుంది, దాని వైరు తలుపు వెనకనుంచి లాగాను. వీటిలో ఒక్కటి మా ఆయన్ని అడిగి చూడండి."

అడిగినట్టే ఉన్నాడు. అవతల మొగుడు నీళ్లు నమలడం ఆమెకు స్పష్టంగా వినిపించింది. ఇంకాసేపు నమిలితే బాగుండుననుకుంది.

"మీరు రాగలరామ్మా?" అన్నాడు మేనేజరు చివరికి.

"ఇప్పుడే వస్తాను. కాగితం నా పేరున రాయించండి సార్."

"అలాగేనమ్మా. సాయానికి మీవారుంటారుగా?"

"అక్కర్లేదు."

ఫోన్ పెట్టేసరికి ల్యాప్‌టాప్ మీద చిన్న గడి వెలిగింది. మొగుడి పేరు. ఇంకో అరగంట కావాలట. సరే అనడానికో మీట, కాదనడానికో మీట. పదకొండేళ్ల కాపురంలో అతను ఆమెను అనుమతి అడగడం ఇదే మొదటిసారి. ఆమె తీరిగ్గా తల దువ్వుకుంది, చెప్పులేసుకుంది, అత్తగారికి పొయ్యి కట్టేసుకోమని చెప్పింది. అప్పుడొచ్చి, కాదంది.