రెండో సాక్షి

స్కానింగ్ గదిలో చలి ఎక్కువ. బల్ల మీద పగడపు చెక్కను జ్వరం వచ్చిన మనిషిలా గుడ్డ చుట్టి పడుకోబెట్టారు. యంత్రం నడిపే అమ్మాయి అద్దం వెనకనుంచి తల బయటపెట్టింది.

“ఊపిరి బిగబట్టమని చెప్పాలా సార్, దీనికి?”

“అది ఇరవై నాలుగేళ్లుగా బిగబట్టే ఉందమ్మా. నువ్వు కానియ్,” అన్నాడు భూగర్భ శాస్త్రవేత్త.

ఆయన పేరుప్రతిష్ఠలన్నీ ఆ చెక్క మీదే నిలబడ్డాయి. ఒక ద్వీపపు పడమటి ఒడ్డున, నడుములోతు నీళ్లలో నిలబడి, తన చేత్తో కోసిన ముక్క అది. ఆ ద్వీపం పక్కన, సముద్రం అడుగున, ఒక భూఫలకం మరో ఫలకం కిందికి దూరుతోంది. దూరేది సాఫీగా జారిపోదు. మధ్యలో ఇరుక్కుని, పైనున్నదాని అంచును కూడా తనతో ఈడ్చుకుపోతుంది. ఆ అంచు మీదున్న ద్వీపం ఏటా కాస్త కుంగుతుంది. ఎంత కుంగిందో మనుషులు రాసిపెట్టుకోరు గాని పగడం రాసిపెట్టుకుంటుంది. నీటిమట్టాన్ని దాటి బతకలేదు గనుక, నేల కుంగినకొద్దీ అది పైకి పెరుగుతుంది, ఏడాదికొక చార గీసుకుంటుంది. చారలు లెక్కపెడితే ఏళ్లు తేలతాయి. ఎత్తు కొలిస్తే కుంగుబాటు తేలుతుంది.

చెక్క నడుమ పదహారు సెంటీమీటర్ల మేర సముద్రపు పురుగులు తొలిచేశాయి. అక్కడి చారలు పాత ఎక్స్‌రేకి అందలేదు. ఆ ఖాళీలో ఆయన పదకొండేళ్లు అని వేశాడు. గాలిలోంచి తెచ్చి వెయ్యలేదు. అదే ద్వీపంలో మడ అడవిని పరిశీలించిన ఆయన భార్య నోటుపుస్తకంలో, సముద్రం తరుముతుంటే మడచెట్లు లోపలికి జరిగిన కాలం పదకొండేళ్లని ఉంది. పగడం ఒక సాక్షి, అడవి రెండో సాక్షి. ఒకరినొకరు ఎరగని ఇద్దరూ ఒకే మాట చెబుతున్నారని దంపతులు కలిసి వ్యాసం రాశారు. ఏడాదికి పదిహేను మిల్లీమీటర్ల కుంగుబాటు. ప్రభుత్వం నమ్మింది. ఇరవై ఏళ్ల కిందట పడమటి ఒడ్డున నూట నలభై ఇళ్లు ఖాళీ అయి కొండెక్కాయి. వచ్చే నెల తూర్పు ఒడ్డు వంతు.

అప్పట్లో వాళ్ల మరపడవ నడిపిన సరంగు కిందటి వారం ఫోన్ చేశాడు.

“సార్, మీ లెక్క ప్రకారం మా పాతింట్లో ఈపాటికి చేపలు కాపురం పెట్టాలి కదా. మొన్న చూసొచ్చా. పిల్లి పిల్లల్ని పెట్టింది.”

“గడప తడవలేదా?”

“గడప దాకా ఎందుకు సార్, పెద్ద పోటుకి కూడా మెట్టు తడవలేదు. రోజూ మూడు మైళ్లు కొండ దిగి పడవ దగ్గరికి పోతున్నా. మోకాళ్లు కుంగాయి గాని ఒడ్డు కుంగలేదు. ఇప్పుడు తూర్పు ఒడ్డున మా చెల్లెలి వాళ్లకీ ఖాళీ చెయ్యమని కాగితం వచ్చింది. ఒక్కసారి మళ్లీ చూసి చెప్పండి. మీ మాట మీదే లేచాం, ఉండమంటే మీ మాట మీదే ఉంటాం.”

స్కానింగ్ గది తెర మీద బొమ్మ తేలింది. కొత్త యంత్రానికి పురుగుల బొరియలు అడ్డం కాలేదు. వాటి మధ్య సన్నని గోడల్లో చారలు వెంట్రుకల్లా నిలిచి ఉన్నాయి. ఆయన పెన్సిలు మొనతో లెక్కపెట్టాడు. మళ్లీ పెట్టాడు. మూడోసారి అమ్మాయిని పెట్టమన్నాడు.

“ముప్పై ఒకటి,” అంది అమ్మాయి. ఆయన ముఖం చూసి, “మీకెన్ని కావాలి సార్?” అంది నవ్వుతూ.

ఆ అమ్మాయి వేళాకోళానికే అంది. ఆయనకు మాత్రం, తనను ఆ ప్రశ్న అడగవలసినవాళ్లు అడగవలసిన రోజున అడగలేదే అనిపించింది. పదకొండు కాదు, ముప్పై ఒకటి. అంటే ద్వీపం ఆయన చెప్పినదానిలో మూడో వంతు వేగంతోనే కుంగుతోంది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి భార్య బల్ల దగ్గర కూర్చుని మడ ఆకులను ఎండబెట్టి దాచడానికి కాగితాల మధ్య పరిచి, చెక్కల నడుమ పెట్టి మరలు బిగిస్తోంది.

“ముప్పై ఒకటి వచ్చింది,” అన్నాడు.

ఏమిటని ఆవిడ అడగలేదు. అడగకపోవడం ఆయనకు వింతగా తోచింది.

“మడచెట్లకి ఏటా చార పడదు కదా. నీ పదకొండు ఎక్కణ్ణుంచి వచ్చింది?”

“మీ నోట్లోంచి.”

“నా నోట్లోంచా?”

“పడవలో. కోసిన ముక్క మీద, పురుగులు తొలిచిన చోట బొటనవేలు పెట్టి లెక్కపెడుతూ, పదో పదకొండో అన్నారు. అక్కరకొస్తుందని రాసుకున్నా. మూడు నెలలకి నా పుస్తకం అడిగి మీరే దాన్ని మీ లెక్కలోకి ఎక్కించుకున్నారు.”

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. తాను పారేసుకున్న మాటనే తాను ఏరుకుని, ప్రకృతి చెప్పిన మాటగా కళ్లకద్దుకున్నాడన్నమాట. గుడ్డివాణ్ణి గుడ్డివాడు నడిపించడం విన్నాడు గాని, ఒకే గుడ్డివాడు తన చెయ్యి తానే పట్టుకుని నడిచినట్టు ఎక్కడా వినలేదు.

“నీకెప్పుడు తెలిసింది?”

“పందొమ్మిదేళ్లయింది. పుస్తకాలు సర్దుతుంటే తేదీ కనపడింది. చెట్లు కొలవకముందు రాసిన అంకె. అప్పటికే ఇళ్లు కొండెక్కేశాయి.”

“మరి నాకు చెప్పలేదేం?”

“మీకు తెలుసనుకున్నా.”

ఆ మాట అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక లేచి నిలబడ్డాడు.

“తెలిసే చేశాననుకున్నావా?”

“తన నోటి మాట తానే మరిచిపోయాడని ఎవరనుకుంటారండీ? అడుగుదామనే అనుకున్నా. అడిగితే అబద్ధం చెబుతారేమోనని భయమేసింది. అప్పుడు ఆ అబద్ధాన్ని కూడా మొయ్యాలి కదా.”

పందొమ్మిదేళ్లు. జ్వరం వస్తే తలకు తడిగుడ్డ వేసింది. ఆయనకు పతకం ఇచ్చిన రోజున మొదటి వరసలో కూర్చుని చప్పట్లు కొట్టింది. పిల్లలతో “మీ నాన్నని చూసి నేర్చుకోండి” అని మాత్రం ఏనాడూ అనలేదు. ఆవిడ మితభాషి కాబోలు అనుకున్నాడు. ఆ ఇంట్లో తాను అనురాగమనుకుని అనుభవించినదంతా ఒక మోసగాడికి పెట్టిన క్షమాభిక్ష.

“మరి తూర్పు ఒడ్డు? వచ్చే నెలే కదా?”

“మీరే ఆపుతారేమోనని చూస్తున్నా.”

“ఆపకపోతే?”

ఆవిడ మర తిప్పడం ఆపింది. “తెలీదు. నా మొహాన అంత ధైర్యం లేదు. మీది మతిమరుపు, నాది నోరు మూసుకోవడం. ఏది బరువో తూచుకుందామా?”

ఆయన రెండు ఉత్తరాలు రాశాడు: ఒకటి వ్యాసం అచ్చువేసిన పత్రికకు, ఒకటి ఇళ్లు తరలించే కార్యాలయానికి. రెండో సాక్షి అంటూ ఎవరూ లేరనీ, ఉన్న ఒక్క సాక్షి మాటనూ తాను తప్పు చదివాననీ రాశాడు. ఆవిడ చదివి, కలం తీసుకుని, రెంటి కిందా ఒక వాక్యం చేర్చింది: ఈ సంగతి నాకు పందొమ్మిదేళ్లుగా తెలుసు.

“ఇదెందుకు? నిన్నెవరూ అడగరు కదా.”

“నన్నెవరూ అడగలేదనే ఇంతదాకా వచ్చింది.”

ఉత్తరాలు పంపి, సరంగుకు ఫోన్ చేశాడు. తూర్పు ఒడ్డు ఖాళీ చెయ్యనక్కర్లేదనీ, ఆ కాగితం రద్దు చెయ్యమని రాశాననీ చెప్పాడు.

“మరి మా పాతిల్లు, సార్?”

“నీ జీవితకాలంలో మునగదు.”



“దూలాలు పీక్కుపోయి పైన కట్టుకున్నాం సార్. కింద గోడలే మిగిలాయి. సరే, చెల్లెలికి చెబుతా.”

ఎప్పుడూ “అమ్మగారికి దండాలు” అని ముగించే మనిషి, ఆ మాట లేకుండానే పెట్టేశాడు.

ఆయన ఫోన్ బల్ల మీద పెట్టాడు. ఆవిడ మళ్లీ మరలు బిగిస్తోంది. చెక్కల మధ్య ఆకు చిన్నగా చిట్లిన చప్పుడైంది.

“ఇప్పుడైనా నమ్ముతావా, తెలిసి చెయ్యలేదని?”

ఆవిడ తల ఎత్తలేదు.

“నమ్మాలనే ఉంది. కానీ ఆ మాట చెబుతున్నది మీరొక్కరే కదండీ.”