దూదికి అంటిన నంబరు

నా భార్య పద్మకుమారి గోళ్ళరంగు తుడుచుకునే మందులో దూది ముంచి, గోరంత ట్రాన్సిస్టర్ ముక్క మీద రుద్దాను. నంబరు దూదికి అంటుకుని వచ్చేసింది. దాని కింద ఇంకేదో నంబరు, అదీ సగమే.

అది నా దగ్గర మిగిలిన రెండోది. దాని జోడు నిన్ననే ఎల్లాజీ మావ స్టీరియోలో కూర్చుని భోగాపురం దగ్గరి తీరానికి వెళ్ళిపోయింది.

ఓడలో వంటవాడిగా తిరిగిన కాలంలో ఆయన జపానులో కొన్న పెట్టె అది. అందులో కరెంటును అదుపు చేసి మిగతా భాగాలకు అందించే ట్రాన్సిస్టర్ కాలిపోయింది. ఆ రకం తయారీ ఆగిపోయి ఏళ్ళు గడిచాయి. దాని పని చేయగలది, దానికంటే కాస్త గట్టిది నా సొరుగులో ఉంది. నంబరు వేరు, తీగకాళ్ళ వరుస వేరు. "అదే నంబరు ఎయ్యాల, అల్లుడా. ఏరేది ఎట్టకు" అన్నాడాయన. ఆన్‌లైన్‌లో అదే నంబరు దొరికింది. జత తెప్పించాను. వేరే సరుకు మీద ఆ నంబరు అచ్చేసి అంటగట్టారు.

బిగించే ముందు రుద్ది చూడవలసింది. ఆ పరీక్ష నాకు కొత్త కాదు. చూస్తే తెలిసిపోతుందని చూడలేదేమో. తెలియకపోవడం వేరు, తెలుసుకోకుండా ఉండడం వేరు. ముప్పై ఏళ్ళుగా ఇదే రిపేరు బల్ల ముందు కూర్చుంటున్న నేను, తెలియలేదని చెప్పుకోలేను.

రేపు ఎల్లాజీ మావ కొత్త బోటును నీళ్ళలోకి దింపుతున్నాడు. తెల్లవారింది మొదలు పెట్టె పాడుతూనే ఉండాలని ఆయన కోరిక. నకిలీది అంతసేపు వేడిని ఓర్చుకోలేదు. అది చెడిందా, అదుపు తప్పిన కరెంటు లోపలి భాగాలన్నిటినీ కాల్చేస్తుంది. ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. సొరుగులోని ట్రాన్సిస్టర్, సోల్డరింగ్ ఐరన్, వంద వాట్ల బల్బు సంచిలో వేసుకుని నెల్లిమర్లలో బస్సెక్కాను. విజయనగరంలో మారాను. కూర్చోలేక లేచాను, నిలబడలేక మళ్ళీ కూర్చున్నాను. ఆయనకు చెప్పవలసిన వాక్యాలు పేర్చుకున్నాను. ప్రతి వాక్యంలోనూ తప్పు అమ్మినవాడిదే.

ఇసుకలో ఫైబరు బోటు నిలబెట్టి ఉంది. దాని ముక్కు మీద మావ పాత చెక్క నావ పేరే రాశారు. రంగు ఇంకా ఆరలేదు.

ఇంట్లో పెట్టె అప్పటికే పాడుతోంది. ఉప్పుగాలి తగలకుండా ఎల్లాజీ మావ భార్య గురమ్మ దాని మీద మందపాటి దుప్పటి కప్పింది. దుప్పటి లాగేసి స్విచ్ కట్టేశాను. పాట మధ్యలో తెగింది.

"ఏటిరా అది? నీ బాబు సొమ్మేటి?" అన్నాడు ఎల్లాజీ మావ.

ప్లగ్గు పీకి, మూత విప్పి, ట్రాన్సిస్టర్ మీద వేలు పెట్టాను. చురుక్కుమంది.

బస్సులో పేర్చుకున్న వాక్యాల్లో ఒక్కటీ నోట రాలేదు. "మావా, నంబరు అదే గాని లోపల సరుకు అది కాదు. నాను సూడకుండా ఎట్టీసినాను" అన్నాను.

గురమ్మ మొగుడితో అంది. "అదే నంబరు కావాలని పీక్కు తిన్నది నువ్వే గదా. బోటుకి పాత నావ పేరెట్టినావు. పేరుతో తేలతాదేటి?"

"నువ్వూరుకోయే." ఆయన నా వైపు తిరిగాడు. "ఏరే నంబరుదైతే నిలబడతాదా?"

"నిలబడతాది."

"నిన్న కూడా అలాగే సెప్పినావు."

నకిలీదాన్ని పీకాను. కొత్తదాని కాళ్ళు వరుస మార్చి, ఒకదానికొకటి తగలకుండా సన్నని ప్లాస్టిక్ గొట్టాలు తొడిగి అతికాను. కరెంటు దారిలో బల్బును కలిపి స్విచ్ వేశాను. లోపల తప్పుంటే బల్బు నిండుగా వెలుగుతుంది. ఒక్కసారి మెరిసి మసకబారింది. రేడియోలో ఆ పాట అయిపోయినట్టుంది. వేరే పాట వచ్చింది. మూత లోపలివైపు కొత్త నంబరు, తేదీ, నా పేరు పెన్సిలుతో రాసి బిగించాను. జగన్నాధం.

"బస్సుందా?" అన్నాడాయన.

"ఉన్నాది."

"ఒగ్గెయ్. రేపు బోటు దిగీదాకా దీని పక్కనే కూకో. ఈ పెట్టెకి నువ్వే ఫ్యూజువి."

గురమ్మ నవ్వింది. ఆయన నవ్వలేదు.

పీట వేసుకుని కూర్చుని మూత మీద అరచెయ్యి ఆనించాను. గోరువెచ్చగా ఉంది. పాట మారింది. అప్పుడూ గోరువెచ్చగానే ఉంది. ఇక చెయ్యి తీయవచ్చు. తీయలేదు.